ఇతరములు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
నా నెట్ సెంటరు.
కులం, ఆదాయం, పహాణీ నకళ్లు,
ఎండకాలమైతే హాల్ టికెట్లు.
గీ తీరు దరఖాస్తు మాత్రం ముందెప్పుడు నింపలే.

ప్రిసిల్లా వచ్చి కూసుంటే
కుర్చీ మీద బూడిదరంగు పొడి రాలింది.
ఆమె మేనమామది బోరు బండి.
ఆరేండ్ల సంది దానెంబడి తిరుగుతది, లెక్క రాస్తది.

"పాస్‌పోర్టు?" అన్న.
నీలం రంగుది తీసింది, మీద గద్ద బొమ్మ.
తల్లి నర్సుగ చేసిన ఊర్ల, టెక్సాస్‌ల పుట్టిందంట.
పదకొండేండ్లకు ఇక్కడ దిగి
తెలుగు అచ్చరాలు బస్సు బోర్డుల మీద నేర్చుకున్నది.
బడి అంటే, అక్కడ ఇంట్లనే చదివింది.
ఇక్కడ ఓపెన్ల టెంతు, ఓపెన్ల ఇంటరు.
పోదామనుకునేదేమో బ్రిటన్‌కు,
భూమి కింది నీళ్ల చదువుకు.

అమెరికా అని నొక్కంగనే
పేజీ మొఖం మారింది.
ఏపీ మార్కులెన్ని అని అడిగింది.
"మనది తెలంగాణ గదా" అన్న నేను.
ఆమె నవ్వి నవ్వి దగ్గింది.
ఏపీ అంటే అమెరికా పిల్లలు రాసే పరీక్షలంట. రాయలే.
ఇండియా అని నొక్కుదామంటే
పాస్‌పోర్టు ఒప్పుకోదు.
బోర్డు పేరు కాడ కిందికి జరుపుకుంట పోయిన,
ఎన్ని దేశాల బోర్డులో,
మనది దొరకలే.
అన్నిటికన్న అడుగున ఒకటున్నది: ఇతరములు.
"నొక్కన్నా, అడుగుకు పోవుడు నాకు అలవాటే" అన్నది.

సిఫారసు ఉత్తరం ఎవరు రాయాలె?
సారు లేడు, మేడం లేదు.
బండి నడిపే పొన్నుసామి ఫోన్ల చెప్పిండు,
సగం తమిళం, సగం మన మాట,
ఎనక కంప్రెసర్ మోత.
"పిల్ల దుమ్ము నలిపి చూస్తది.
చాలంటే చాలు. ఇంకిరవై అంటే ఇంకిరవై.
రాయి మారితే నాకన్న ముందు ఆమెకే ఎరుక.
రైతు ఏడుస్తుంటే పైసల మాట ఎత్తనియ్యది."
ఆఖరి ముక్క ఇంగ్లీషుల ఎట్ల పెట్టాలెనో
నాకు అర్ధగంట పట్టింది.

పది దినాలకు మెయిలు వచ్చింది.
మీ చదువు మాకు సమజు కాలేదు,
చేసిన పనేమన్న ఉంటే చూపిస్తరా అని.

నోటుబుక్కులు తెచ్చింది, పదకొండు.
గ్రీసు మరకలు, చెదలు తిన్న మూలలు.
సర్వే నంబరు, తేదీ, అడుగులు.
ఎర్రమన్ను పన్నెండు. మొరం నలభై.
బూడిదరాయి. బూడిదరాయి. బూడిదరాయి.
పలుగురాయి రెండడుగులు, తడి.
నీళ్లు పడ్డకాడ చిన్న గీత.
పడనికాడ ఏం రాయలే, తెల్లగ ఇడిచింది.

స్కాన్ చేసుకుంట పోయిన, పేజీకి మూడు రూపాలు.
ఏడో బుక్కుల మా నాయిన పేరు.
చందంపేట తొవ్వల మా రెండెకరాలు.
మూడువందల పది, బూడిదరాయి.
నాలుగువందలు, అదే.
పక్కన పెన్సిలుతోని సన్నగ:
"ఆపమన్న. ఇంకొక్క రాడ్డు అన్నడు పెద్దమనిషి.
ఇంకొక్కటి. ఇంకొక్కటి."
ఐదువందల ఎనభై.

ఆ దినం నేను అక్కడ లేను.
కొబ్బరికాయ అరచేతుల పెట్టుకొని
జాగ చూపించినాయనను తిట్టుకున్నం గని,
ఆపమన్న మాట ఒకటి ఉండెనని
నాయిన మాకు చెప్పలే.

మిషన్ మూత ఎత్తి అట్లనే నిలబడ్డ.
ఆమె పేజీ చూసింది,
గోడ మీది లైసెన్సుల మా ఇంటిపేరు చూసింది.
"గిది తీసేద్దామా అన్నా?"
వద్దన్న.
నలుపుతెలుపుల పెన్సిలు పడదు,
ఆ ఒక్కటి కలర్ల చేసిన.

ఇప్పటిదాక జవాబు రాలే.
గుడిపల్లి దిక్కు బోరున్నదని పొద్దుగాల్నే పోయింది.
కుర్చీ తుడుద్దామని బట్ట తీసి,
ఆ పొడి ఏళ్ల నడుమ నలిపి చూసిన.
నాకేం తెలువలే.